వేఁటాడు చిన్న సాలెపురుగులు: వాని గుర్తులు, వాని తెగలు, వానివలన సేద్యగాండ్రకుఁ గలుగు లాభము

సాలెపురుగు కనఁబడినంతనే చీపురునకో చెప్పునకో చేయి చాఁచుట మన యిండ్లలో వాడుక. పొలములో మందు చల్లునపుడు అది చచ్చినను జావకున్నను నెవ్వరును లెక్కింపరు. సాలెపురుగనఁగా మూలలయందు బూజు పెంచి యిల్లు పాడుచేయు జంతువని జనులు తలంచుటయే యిందులకుఁ గారణము. కాని సాలెపురుగు లన్నియు వల కట్టునవి కావు. వానిలో దాదాపు సగము జాతులు వల పన్నక, పులివలెఁ బొంచియుండి, పరుగిడియో దుమికియో యాహారమును బట్టుకొనును. అట్టి వానిలో మిక్కిలి చిన్నవియు మిక్కిలి చుఱుకైనవియు నగు నొక కుటుంబమును గూర్చి యీ పత్రమునందు వివరింపఁబడును. దానికి శాస్త్రజ్ఞులు సాల్టిసిడే యని పేరిడిరి. తెలుఁగున నెల్లెడలఁ జెల్లు నొక్క పేరు స్థిరపడకుండుటచే నిచట దుముకు సాలెపురుగులని వ్యవహరింపఁబడినవి.

వీనిని దెలిసికొనుటకు హైదరాబాదు నగరమునందలి జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతములు మంచి పాఠశాలవంటివి. చలనచిత్రములు తీయువారి పేటతో సేద్యగానికేమి పని యని యడుగవచ్చును. ఆ పేట నేఁడు మేడలతో నిండియున్నను, దానియడుగున నున్నది దక్కను పీఠభూమి రాతినేల. ఆ గుండ్ల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ఇరువదవ శతాబ్దపు నడిమిభాగము వఱకు నచ్చట గుట్టలు, ముండ్లపొదలు, సీతాఫలపుఁ జెట్లు తప్ప వేఱేమియు లేకుండెను. మదరాసునుండి తెలుఁగు చలనచిత్ర పరిశ్రమ హైదరాబాదునకుఁ దరలివచ్చిన కాలమున స్టూడియోలు వెలసినవి. పిదప నటులు, నిర్మాతలు నిండ్లు కట్టుకొనిరి. మిగిలిన యడవిలో నొక ముక్క మాత్రము 1998వ సంవత్సరమున కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానవనముగాఁ బ్రకటింపఁబడి నిలిచినది. దాని విస్తీర్ణము సుమారు ఒకటిన్నర చదరపు కిలోమీటరు. నిజాము వంశీయుల చిరాన్ ప్యాలెస్ దానిలోనే కలదు. ఇట్లు రాయి, పొద, తోట, గోడ, రాత్రి వెలుఁగు దీపము ఈ యైదును నొక్కచోఁ గూడుటచేత, రాతిమీఁద నుండునవి, ఆకుమీఁద నుండునవి, మనుష్యుల నాశ్రయించి గోడలమీఁద నుండునవి యను మూఁడు తరగతుల దుముకు సాలెపురుగులకును నచ్చటఁ జోటు కలిగినది. పల్లెలోని పశువుల కొట్టము గోడమీఁదను, బంతిమడిలోను, మామిడితోపులోను నుండునవి యివియే. నగరమున గోడలు తెల్లనివగుటచేఁ గనుఁగొనుట సులభము, అంతే భేదము.

సాలెపురుగు పురుగు కాదని మొదట గ్రహింపవలయును. పురుగునకు నాఱు కాళ్లు, తల, ఱొమ్ము, కడుపు అను మూఁడు భాగములు, రెండు మీసములు నుండును. సాలెపురుగునకు నెనిమిది కాళ్లు. తలయు ఱొమ్మును నొక్కటిగాఁ గలిసి ముందు భాగము, సన్నని నడుముచేఁ దగిలియున్న కడుపు వెనుక భాగము, ఇట్లు దాని దేహము రెండే భాగములు. మీసములు లేవు. నోటికిరుప్రక్కల మీసములవలె నగపడునవి పొట్టి చేతులవంటి యవయవములు. వీనినిగూర్చి ముందు చెప్పఁబడును. తెగలను నిర్ణయించుటలో నివియే ప్రధానములు.

దుముకు సాలెపురుగును గుర్తించుటకు భూతద్దము కూడ నక్కఱలేదు, ముఖము చూచినఁ జాలును. దాని కన్ను లెనిమిది. నాలుగు ముఖమునకు నెదుట నొక్క వరుసలో నుండును. ఆ నాలుగింటిలో నడిమి రెండును మోటారుబండి దీపములవలెఁ బెద్దవై ముందునకే చూచుచుండును. వానికి వెనుక, నడినెత్తిని, మిక్కిలి చిన్నవి రెండు. వానికిని వెనుక మరి రెండు. ముందుభాగము పలకవలెఁ జదరముగ నుండును, కాళ్లు పొట్టివి, దేహము నూఁగుతోఁ గప్పఁబడినది. మనుష్యుఁడు వ్రేలు చూపినయెడల ఇతర సాలెపురుగులు పాఱిపోవును. ఇది మాత్రము తిరిగి నిలిచి చూచును. ఒకవైపునకు వ్రేలు కదల్చినచో నది కూడ నటువైపునకుఁ దిరుగును. ఈ యొక్క పరీక్షతోనే నూటికి తొంబదిమంది దీనిని గుర్తుపట్టఁగలరు.

ఆ పెద్ద కన్నుల నిర్మాణము విచిత్రమైనది. వాని యద్దము ముఖమునకుఁ గదలకుండ బిగింపఁబడియున్నది. దానివెనుక నొక సన్నని గొట్టము, ఆ గొట్టము చివర చూపును గ్రహించు పొర కలవు. ఒక్కొక్క గొట్టమునకు నాఱేసి కండరములుండి దానిని లోపలనే యిటునటు ద్రిప్పును. కావున తల కదల్పకయే యది మనుష్యుని పైనుండి క్రిందివఱకు పరిశీలింపఁగలదు. ముఖమునకు దగ్గఱగ నిలిచి చూచినచో ఆ కన్ను లొకసారి నల్లగను, ఒకసారి తేనెరంగుగను గనఁబడుట యీ గొట్టముల కదలికవలననే. మిగిలిన యాఱు కన్నులును ప్రక్కలను వెనుకలను గాపు కాయును. 2012వ సంవత్సరమున జపానుదేశపు శాస్త్రజ్ఞులు హసేరియస్ ఆడన్సొని యను జాతితో నొక పరీక్ష చేసిరి. పచ్చని వెలుఁగులో నది ఈగమీఁదికి సరిగా దుమికినది. ఎఱ్ఱని వెలుఁగులో నీగకు నివతలనే పడినది. చూపుపొరలో నంతస్తులుండి, ఒకదానిమీఁద రూపము స్పష్టముగను, మఱియొకదానిమీఁద మసకగను బడుటయు, ఆ మసకను బట్టి యది దూరమును గొలుచుటయు నిట్లు రుజువైనది. పండిత శిల్పి కట్టిన దూరదర్శినికిఁ దీసిపోని సాధనమిది, పెసరగింజకన్న చిన్నదగు తలలో!

దుముకుటకుఁ గాళ్లలో మిడుతకువలె బలిసిన తొడలు లేవు. సాలెపురుగు కాలును ముడుచుటకుఁ గండరములున్నవి గాని, కొన్ని కీళ్లయొద్దఁ జాఁచుటకు లేవు. ముందుభాగమును బిగించి యందలి నెత్తురునీటిని గాళ్లలోనికి నెట్టఁగా కాలు చటుక్కున జాఁపుకొనును, సాలెపురుగు ఎగురును. ఎగురుటకు ముందు నిలిచినచోటఁ గడుపుచివరను దాఁకించి యొక దారపుఁ గొనను అంటించును. గుఱి తప్పినను నేలఁబడదు. దారమును బట్టి వ్రేలాడి మరల నెక్కివచ్చును. తాటిచెట్టెక్కువాఁడు మోకు వేసికొనుటవంటిదే యీ జాగ్రత్త. వల కట్టదు గాని దారము దీయుట మానలేదు. రాత్రి పండుకొనుటకును, గ్రుడ్లు పెట్టుటకును ఆకు మడఁతలోనో గోడ పగులులోనో తెల్లని చిన్న సంచివంటి గూడు నల్లుకొనును.

వేఁటాడు సాలెపురుగులు మఱికొన్ని కుటుంబములు గలవు. పొలములో వీనిని గలిపివేయుట సులభము గనుక భేదములు చెప్పవలసియున్నది. వరిమడిలో నీటిమీఁదను దుబ్బుల మొదళ్లయందును బరుగులిడు బూడిదరంగుది తోడేలు సాలెపురుగు. దానికిని మూఁడు వరుసలుగాఁ గన్నులుండును గాని, క్రింది నాలుగును చిన్నవి, వానిపైని రెండు పెద్దవి. ఆఁడుది గ్రుడ్లమూటను గడుపుచివరఁ దగిలించుకొని తిరుగును, పిల్లలు పుట్టిన పిదప వానిని వీఁపున మోయును. ఇంతటి మాతృప్రేమ చూపుదానిని చెప్పుతో నలుపువారి కేమి చెప్పవలయును? ఆకులమీఁద నుండి, కాళ్లనిండ నిటారుగ ముండ్లవంటి వెండ్రుకలు గలిగి, కడుపు తోఁకవలె మొనదేరియున్నది ముండ్లకాళ్ల సాలెపురుగు. ఇదియును దుముకును, కావుననే భ్రాంతి కలుగును. దాని కన్నులు నెత్తిమీఁద నాఱుమూలల కోటవలె నమరియుండును. పూవులయందు ముందు రెండు జతల కాళ్లను జాఁచి కదలక కూర్చుండి, తాఁకినచోఁ బీతవలె నడ్డముగ నడచునది పీత సాలెపురుగు. రాత్రివేళ గోడమీఁద అఱచేతి వెడల్పునఁ గాళ్లు చాఁచికొని, తెల్లని గుండ్రని గ్రుడ్లబిళ్లను పొట్టక్రింద నదిమిపట్టుకొని కనఁబడు పెద్దది బొద్దింకలను దినునది. అది హెటెరోపోడా వెనటోరియా. ఇది చిన్నది కాకున్నను జనులు మిక్కిలి భయపడునది యగుటచే నిచటఁ బేర్కొనఁబడినది.

ఇఁక దుముకు సాలెపురుగులలోనే కొన్ని. సున్నపు గోడమీఁదఁ బగటిపూట నీగలను దఱుము బూడిదవన్నె చప్పిడి జంతువు మెనెమెరస్ బైవిటేటస్. దీని దేహము నొక్కిపెట్టినట్లు బల్లపరుపుగ నుండును, పగులులలో దూఱుటకు ననుకూలము. పొడవు సుమారు 9 మిల్లీమీటర్లు. ఆఁడుదాని కడుపున కిరువైపులను నల్లని చాఱలుండి వెనుకఁ గలిసికొనును. మగదానికి నడుమ నొక నల్లచాఱ. ఆఁడు మగలు వేఱ్వేఱు జాతులని తలఁపఁజేయు భేదమిది. దానికంటె గుండ్రని యొడలు గలిగి, మగది నల్లగనుండి నడివీఁపునఁ దలనుండి చివరవఱకుఁ దెల్లని పట్టీ గలిగినదైనచో ప్లెక్సిప్పస్ పైకల్లి. దీని కడుపు చివరి భాగమున రెండు తెల్లచుక్కలుండును, ఆఁడుది గోధుమవన్నెది. దీపములకు నాకర్షింపఁబడి వచ్చు పురుగులకై రాత్రివేళ కూడ దీపము దాపున వేఁటాడుట దీనియందు గనిపెట్టఁబడినది. స్టూడియోల పేటలో దీపములకుఁ గొఱఁత లేదు గనుక దీనికి నాఁకలి బాధ యుండదు. ఈగను గథానాయకునిగఁ జేసి ఎస్. ఎస్. రాజమౌళిగారు 2012వ సంవత్సరమునఁ జలనచిత్రము తీసిరి. గోడమీఁది ప్లెక్సిప్పస్ నడిగినచో నా కథ మొదటి రీలులోనే ముగిసియుండును.

పైని జపాను పరీక్షలోఁ జెప్పఁబడిన హసేరియస్ ఇండ్లలోపలను, పూలకుండీల మధ్యను నుండును. మగది నల్లనిది, కన్నులచుట్టు ఎఱ్ఱని ముసుఁగువంటి రంగు, నోటిముందరి పొట్టిచేతులకుఁ దెల్లని నూఁగు, వీఁపున నెలవంకవంటి తెల్లని గీఁతలు. ఈ మూఁడు జాతులును నోడలలోను సరకులలోను బ్రయాణము చేసి లోకములోని యుష్ణదేశములన్నింటను వ్యాపించినవి.

ఆకులమీఁది వానిలో నందమైనది టెలమోనియా డిమిడియేటా. ఆఁడుదాని యొడలు లేఁతపసుపు, కడుపుమీఁద నిలువుగ రెండెఱ్ఱని చాఱలు, కన్నులచుట్టు నెఱ్ఱని వలయములు. పొడవు 9 మొదలు 11 మిల్లీమీటర్లు. ఇది మరుగుదొడ్ల పీఁటలక్రింద దాఁగి మనుష్యులను గఱచి చంపుచున్నదని 2002వ సంవత్సరమున నీమెయిళ్లద్వారా నొక వదంతి దేశదేశములకుఁ బ్రాఁకినది. అది పచ్చి యబద్ధము. ఈ సాలెపురుగు తోటలలో నాకులపై నుండునది. మనుష్యుని జంపఁగల విషము దీనికి లేదు. నీలిపట్టెలతో లోహమువలె మెఱయు మఱియొక చిన్నది ఫింటెల్లా విటాటా. దీని మగది మన కంటికిఁ గానరాని యతినీల కిరణములను బ్రతిఫలింపఁజేసి యాఁడుదానిని మెప్పించునని 2008వ సంవత్సరమునఁ బ్రకటింపఁబడినది. దుముకు సాలెపురుగులలో మగవి ఆఁడుదాని యెదుట ముందుకాళ్లెత్తి నాట్యము చేయుట సామాన్యము. నాట్యము సరిగా లేకున్నచోఁ బ్రాణమునకే మోసము రావచ్చును.

అన్నిటికంటెఁ గన్నులను మోసగించునది చీమరూపపుది. మామిడిచెట్లమీఁద నాకులను గుట్టి గూళ్లు కట్టు ఎఱ్ఱచీమలను సేద్యగాండ్రందఱు నెఱుఁగుదురు. వాని గుంపు దాపున, వానివలెనే నడచుచు, నడుము నొక్కుకొనియున్నట్లు కనఁబడు సాలెపురుగు గలదు. అది ముందరి రెండుకాళ్లను మీసములవలె నెత్తి యాడించును. మగదాని కోఱలు మిక్కిలి పొడవై ముందునకుఁ జాఁచుకొనియుండుటచే, చిన్నచీమను నోటఁగఱచుకొని పోవు పెద్దచీమవలెఁ దోఁచును. చీమల కాటునకు వెఱచి పక్షులు, కందిరీఁగలు దీని జోలికి రావు. దానిని గుర్తించు నుపాయ మొక్కటే: వ్రేలితోఁ గొమ్మను దట్టవలెను. చీమ నేలఁబడును లేదా కఱచుటకు వచ్చును. ఇది దారము విడిచి వ్రేలాడును.

ఈ చీమరూపపు దానివలననే తెగల నిర్ణయము, పేళ్ల మార్పు అను విషయము సులభముగఁ దెలియును. కేంబ్రిడ్జి యను నాంగ్లేయ పండితుఁడు 1869వ సంవత్సరమున దీనిని వర్ణించినాఁడు. చాలకాలము దీని పేరు మిర్మరాక్నె ప్లాటలియాయిడెస్. 2016వ సంవత్సరమున ప్రోషిన్‌స్కి యను పోలండుదేశపు పండితుఁడు దీనిని వేఱు వర్గములోఁ జేర్చుటచే మిర్మప్లాటా ప్లాటలియాయిడెస్ అయినది. ఇందులో భ్రాంతి పడవలసినది లేదు. భూమి లెక్కలతోఁ బోల్చి చూడవచ్చును. కుటుంబము తాలూకావంటిది, వర్గము గ్రామమువంటిది, జాతి సర్వే నంబరువంటిది. ఒక పెద్ద గ్రామమును రెండుగాఁ జీల్చినపుడు పొలము కదలదు, దాని హద్దురాళ్లు కదలవు, కాగితములోని గ్రామము పేరు మాత్రము మాఱును. పేరులో రెండవ మాట నిలిచి మొదటి మాట మాఱుట యట్టిదే. పాత కాగితము చూచినవాఁడు క్రొత్త కాగితమును గూడఁ జూడవలయును. లేకున్న నొక పొలమునే రెండని లెక్కించును.

హద్దురాళ్లవంటి గుర్తులేవి? రంగు కాదు. రంగు వయస్సుతో మాఱును, ఆఁడు మగలకు వేఱు, నూఁగు రాలినచో మఱియు వేఱు. నమ్మఁదగిన గుర్తులు పునరుత్పత్తి యవయవములు. మగదానికి నోటియొద్ది పొట్టిచేతుల చివరలు డోలుపుల్ల తలవలె నుబ్బియుండును. వానిలోని మెలికలు, ముండ్లు జాతిజాతికిని వేఱు. ఆఁడుదానికిఁ గడుపు క్రిందిభాగమున గట్టి పలకవంటి ద్వారముండును, అదియు జాతికొక తీరు. తాళమునకుఁ దగిన తాళపుచెవివలె నివి యొకదానికొకటి సరిపోవును. పిల్లలకు నీ యవయవములు పూర్తిగ నేర్పడవు. అందుచే చివరి కుబుసము విడువని పిల్లను దెచ్చి పేరడిగినయెడల నెంతటి పండితుఁడైనను వర్గమువఱకే చెప్పఁగలఁడు, ఒక్కొక్కప్పు డదియును లేదు. ఛాయాచిత్రమును మాత్రము చూచి జాతిని నిశ్చయముగఁ జెప్పువారి మాటను గొంచెము తగ్గించి వినుట మేలు.

సాలెపురుగులకు శాస్త్రీయ నామములు 1757వ సంవత్సరమున స్వీడనుదేశీయుఁడగు క్లెర్క్ వ్రాసిన గ్రంథముతో నారంభమగుచున్నవి. జంతువుల పేళ్లన్నియు లిన్నేయస్ 1758 గ్రంథమునుండి లెక్కింపఁబడుచుండఁగా సాలెపురుగులకు మాత్రము ఈ గ్రంథము విషయమున మినహాయింపు దొరకినది. దుముకు సాలెపురుగులను నొక కుటుంబముగ 1841లో బ్లాక్‌వాల్ వేఱుచేసెను. నేఁడు సాలెపురుగుల కుటుంబము లన్నిటిలోను నిదియే పెద్దది. ఆఱు వేలకు మించిన జాతులు దీనిలోఁ జేరినవి. లోకమునందలి సాలెపురుగుల జాబితా స్విట్జర్లండులోని బెర్న్ నగరమున నిర్వహింపఁబడుచున్నది. 2022వ సంవత్సరమున నా జాబితాలో 50,000వ జాతిగ నెక్కినది దక్షిణ అమెరికాకుఁ జెందిన యొక దుముకు సాలెపురుగే. అవయవముల పోలికతోఁబాటు వంశబీజముల పోలికను గూడ జోడించి మాడిసన్ అను పండితుఁడు 2015లో నీ కుటుంబమునకుఁ గ్రొత్త విభాగములు ప్రకటించెను.

మన దక్షిణాపథమున నీ పని నేఁటికిని జరుగుచునేయున్నది. ఎండిన నేలలపై రాలుటాకులలోఁ దిరుగు కొన్ని దుముకు సాలెపురుగులను మరాఠే, మాడిసన్, కుంటే అను మువ్వురు 2024వ సంవత్సరమున వేఱు వర్గముగ నిర్ణయించి, దానికి తెంకణ యని పేరిడిరి. దక్షిణపుదను నర్థము గల కన్నడపు మాట యది. టెంకణాదిత్యుఁడను బిరుదు వహించిన నన్నెచోడుని నెఱిఁగిన తెలుఁగువారికిఁ గ్రొత్త కాదు. కర్ణాటకములోని జయమంగలి నది పేర నొక క్రొత్త జాతి దానిలోఁ జేర్పఁబడినది. లోఁగడ వేఱొక వర్గమున నుండిన రెండు జాతు లిందులోనికి మార్పఁబడినవి. తెలుఁగు జిల్లాల మెట్టనేలలయందు ఇంకను వెదకవలసినది చాలఁ గలదు. ఒక్క హెచ్చరిక: దొరకిన చోటే దాని యునికిపట్టని తొందరపడరాదు. నీలవర్ణముతో మెఱయు పెద్ద సాలెపురుగు నొకదానిని 1899లో పోకాక్ వర్ణించెను. అది దొరకినది గుత్తి రైల్వే కలపడిపోలో. శతాబ్దము గడచిన పిదప 2001లోఁ గాని దాని నిజమైన నివాసము నంద్యాల గిద్దలూరుల నడుమనున్న యడవి యని తేలలేదు. కలపతోఁబాటు బండిలో వచ్చిన జంతువునకు గుత్తి చిరునామా పడినది.

ఇంతవఱకుఁ జెప్పినది తెలివికొఱకు. ఇఁక నష్టలాభముల మాట.

ఒడలిమీఁద మంటతోఁ బొక్కులు లేచినప్పుడు సాలెపురుగు ప్రాఁకినదనుట తెలుఁగునాఁట నంతటను గలదు. ఈ నమ్మకము ప్రాచీనమైనది. సుశ్రుతసంహితలోనే లూతలు పదునాఱు విధములని, వాని విషమువలన వ్రణములు గలుగునని చెప్పఁబడియున్నది. నేఁటి వైద్యశాస్త్రము ప్రకారమిట్టి పొక్కులలో ననేకము సాలెపురుగు పని కాదు. ఒక కారణము పీడరస్ అను ఱెక్కలపురుగు. నారింజరంగు నల్లరంగు పట్టీలతో, అంగుళములో మూఁడవ వంతు పొడవుగలిగి, వానకాలమున వరిపొలములనుండి దీపములకడకు వచ్చును. అది కఱవదు, ఒడలిమీఁద నలిపినప్పుడు దాని నెత్తురులోని విషము తగిలి, ఒకటి రెండు దినములలోఁ జర్మము కాలినట్లు బొబ్బలెక్కును. కావున దానిని నలుపక యూఁదివేయవలయును, తగిలినచోటను వెంటనే సబ్బుతోఁ గడుగవలయును. రెండవది యంతకంటె ముఖ్యము. దేహమున నొకవైపుననే, పటకావలె వరుసగ, మిక్కిలి నొప్పితోఁ బొక్కులు లేచినచో నది నాడులకు సంబంధించిన సర్పి రోగము. దానికి మందు పొక్కులు లేచిన 72 గంటలలోపలఁ దొడంగినచో గుణము హెచ్చు. సాలెపురుగు ప్రాఁకినదని మంత్రము వేయించుచు, పసరు పూయించుచు నా మూఁడు దినములను గడపినవారు తరువాత నెలల తరబడి నొప్పితో బాధపడుట కలదు. కంటిచెంత లేచినచోఁ జూపునకే ముప్పు. నిరపరాధియగు సాలెపురుగును జంపినందువలన రోగము కుదురదు.

దుముకు సాలెపురుగులకు విషము లేకపోలేదు, అది యీగను జంపుటకుఁ జాలినది. చేతిలో నదిమిపట్టినచో నరుదుగఁ గఱచును. చీమకాటువంటి మంట కొంతసేపుండి పోవును.

పొలములో వీని పనిని గూర్చి మితిమీఱి చెప్పుట సరికాదు. సాలెపురుగునకు మిత్రుఁడు శత్రువు అను భేదము తెలియదు. పచ్చదోమను దినును, తేనెటీఁగను దినును, తోడి సాలెపురుగును గూడఁ దినును. తెగులు విపరీతముగఁ జెలరేఁగినపుడు దానినొక్కదానినే నమ్ముకొన్నవానికిఁ బంట దక్కదు. కాని తెగులు చెలరేఁగకుండఁ గాపాడుటలో దానికి సాటి లేదు. వరిలో సుడిదోమ కథయే యిందుకు నిదర్శనము. తోడేలు సాలెపురుగులు సుడిదోమను విశేషముగఁ దినును. పైరు పైభాగమున ముండ్లకాళ్లవియు, దుముకునవియు నితర పురుగులను బట్టును. నాటిన కొలఁది దినములకే ఘాటైన మందు కొట్టినచో సాలెపురుగులన్నియు నశించును. సుడిదోమ గ్రుడ్లు మాత్రము వరి యాకుతొడిమలలోపల భద్రముగ నుండును. అవి పిల్లలగునప్పటికిఁ దినువారు లేరు. మందు కొట్టినకొలఁది దోమ హెచ్చుట యిట్లు జరుగును. రైతు మందు కల్తీయని యంగడివానితో వాదించును. ఇండోనేషియాదేశ మీ కష్టమును బూర్తిగ ననుభవించి, 1986వ సంవత్సరమున వరిపై 57 రకముల మందులను నిషేధించినది.

మన ప్రాంతమున ఖమ్మము జిల్లాలో నుండిన పునుకుల గ్రామస్థులు ప్రత్తి మందుల యప్పులతో విసిగి, వేపగింజల కషాయము మొదలగు పద్ధతుల నవలంబించి, 2003లోఁ దమ యూరు పురుగుమందులు లేని యూరని ప్రకటించుకొనిరి. వారి వెనుక మఱికొన్ని గ్రామములు నడచినవి. అందఱు నంతదూరము పోలేకున్నను, ఈ క్రింది జాగ్రత్తలు ఖర్చు లేనివి. ఆబీ గాని తాబీ గాని వరి నాటునపుడు ప్రతి రెండు మీటర్లకు నిరువది సెంటీమీటర్ల కాలిబాట విడువవలయును. గాలి వెలుతురు సోఁకినచోట సుడిదోమ నిలువదు, పరిశీలించుటకును దారి కలుగును. దుబ్బులను దట్టి చూడవలయును. పిలక దశలో దుబ్బునకుఁ బదియో పదునైదో దోమలు కనఁబడువఱకు మందు జోలికిఁ బోనక్కఱలేదు. అప్పుడును నీటిమీఁది సాలెపురుగు లెన్ని యున్నవో లెక్కించి మఱి నిర్ణయింపవలయును. గట్లమీఁది గడ్డినంతయు నొక్కసారి చెక్కివేయరాదు, దుక్కికాలమున సాలెపురుగులకు నదియే తల దాఁచుకొను చోటు. చీనాదేశమున రైతులు గడ్డికట్టలను బొలములో నిలిపి సాలెపురుగుల కాశ్రయము కల్పించిరి. కోఁత యైనచోటనుండి యట్టి కట్టలను గ్రొత్తగ నాటిన మడికిఁ జేర్చుట కొక మనిషి కూలి యొక పూఁట.

ఇంటిలో వీనిని వలదనువారు చంపనక్కఱలేదు. గాజు లోటాను పైని బోర్లించి, క్రింద నొక దళసరి కాగితమును జొనిపి, పెరటిలో విడిచిపెట్టవచ్చును. జాతి తెలిసికొనఁగోరువారు పెద్దదానిని, వీలైనచో ఆఁడు మగలు రెంటిని, నూటికి డెబ్బదిపాళ్ల సారాయి స్పిరిటు గల చిన్న సీసాలో నుంచవలయును. దొరకిన యూరు, తేది, గోడయో యాకో నేలయో యను వివరమును పెన్సిలుతో వ్రాసిన చీటిని సీసా లోపలనే వేయవలయును, సిరా కరఁగిపోవును. చీటి లేని సాలెపురుగు పట్టా లేని పొలమువంటిది. జాతీయోద్యానవనములలో ననుమతి లేక యే జంతువును బట్టుటయు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము గనుక, జూబిలీ హిల్స్ యుద్యానవనమునకు నడకకై పోవువారు చూచుటతోఁ దృప్తిపడవలయును. వాన వెలిసిన ప్రొద్దుట, ఎండ పడిన రాతిగుండ్లమీఁద నవి బాగుగఁ గనఁబడును.